కొత్తవాళ్ళకు మొదటి మాట

కొత్తగా ఈ ఆట మొదలుపెట్టినవాళ్ళు ఆదివారం పొద్దున లాస్‌పేట మైదానం దగ్గరికి వస్తే, వాళ్ళకు మొదటి మాట చెప్పేది నేనే. ఫోన్ తెరవగానే కెమెరా బటన్ ఆపెయ్యండి అంటాను. బాల్ ఎలా విసరాలి, ఏ జంతువును పెంచాలి, దేన్ని వదిలెయ్యాలి, అవన్నీ తర్వాత. కొందరు నవ్వుతారు. నలభై ఏడేళ్ళ మనిషి, సగం నెరిసిన తల, రౌడీ చేతులు, వీడొచ్చి ఫోన్‌లో జంతువులు పట్టే ఆటకు పాఠం చెప్పడమేమిటని నవ్వుతారు. నవ్వనీ. ఆ మాట నేనే ఎందుకు చెప్పాల్సి వచ్చిందో రాయడానికి ఈ కాగితాలు ముందేసుకున్నాను. మేముండేది తమిళం నడిచే ఊరు, మా ఇంట్లో తెలుగు రాయడం, చదవడం వచ్చింది నాకొక్కడికే. నా కూతురు ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గానీ అక్షరాలు రావు. తను దీన్ని చదవగలిగితే బాగుండునని ఒక పూట అనిపిస్తుంది, రాకపోవడమే మేలని ఇంకో పూట అనిపిస్తుంది.

నేను తాగునీటి పైపులు బిగించే ఫిట్టర్ని. సర్కారు ఉద్యోగం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాచుకోవడమెందుకు, ఊరందరికీ తెలిసిందే. మా నాయన మిల్లు కార్మికుడు, బెల్టు తీస్తే వాత తేలేదాకా వదిలేవాడు కాదు. నేను బెల్టు వాడలేదు, చేతులే వాడాను. బస్సులో కాలు తొక్కి కూడా చూడనట్టు నిలబడ్డవాడి చెంప పగలగొట్టాను. నాతో పనిచేసేవాడు నా తల్లిని తిడితే రెంచి పెట్టి మోచెయ్యి విరగ్గొట్టి రెండు నెలలు సస్పెన్షన్లో కూర్చున్నాను. ఇంట్లో మాత్రం భార్య మీద గానీ, బిడ్డ మీద గానీ చెయ్యి వెయ్యలేదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. కంచాలు విసిరాను, బీరువా తలుపుకు గుద్దులతో సొట్టలు పెట్టాను. అవి లెక్కలోకి రావనుకున్నాను.

నా కూతురికి పద్నాలుగేళ్ళప్పుడు ఈ ఆట పిచ్చి పట్టింది. బడి నుంచి వచ్చి ఫోన్ పట్టుకుని వీధుల వెంట తిరిగేది. ఊళ్ళో ఉన్న గుళ్ళు, బొమ్మలు, పాత గోడల మీది రంగుల చిత్రాలు, అన్నీ ఈ ఆటలో మజిలీలు. అక్కడికి నడిచి వెళితే బాల్స్ ఇస్తుంది, వాటితో దారిలో కనబడే జంతువుల్ని పట్టుకోవాలి. ఒకరోజు అన్నం ముందు కూర్చుని కూడా వేలు ఆడిస్తుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టడానికి చెయ్యెత్తాను. నా బిడ్డ ఫోన్ వైపు చూడలేదు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని వంగిపోయింది. నా ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

ఆ సాయంత్రం నా భార్య గిన్నెలు కడుగుతూ, నా వైపు తిరక్కుండానే అంది: "దాని మీద చెయ్యి పడలేదులే. పడుతుందని అది పుట్టినప్పటినుంచి కాచుకోనే ఉంది."

చచ్చినంత పనైంది. అసలే డాక్టరు షుగరుందని రోజూ నడవమన్నాడు. మర్నాడు బిడ్డ దగ్గరికి వెళ్ళి, నాకూ ఈ ఆట నేర్పమ్మా అని అడిగాను. నమ్మలేదు. ఏదో మెలిక ఉందనుకుంది. రెండు రోజులకు నా ఫోన్‌లో ఎక్కించి ఇచ్చింది.

నేర్పేటప్పుడు తను మనిషే వేరు. జంతువు చుట్టూ రింగు చిన్నదయ్యేదాకా ఆగి అప్పుడు విసరాలంది. కనబడ్డ ప్రతి చెత్త జంతువునీ పెంచుతూ కూర్చుంటే వాటికి తినిపించేదానికి దాచుకున్న క్యాండీలన్నీ కరిగిపోతాయంది. గట్టిది దొరికేదాకా ఓర్చుకోవాలట. ఓర్పు మాట నాకు! స్కూటరు నడుపుతూ ఆడితే మాత్రం నా ఫోన్‌లోంచి ఆట తీసేస్తానని బెదిరించింది. ఈ ఆటలో జిమ్‌లని ఉంటాయి. అక్కడ అవతలివాళ్ళు వదిలిన జంతువుల్ని మన జంతువులతో చావగొట్టి జిమ్ లాక్కోవాలి. అది నాకు బ్రహ్మాండంగా వచ్చింది. ఒక పూటలో సారం నుంచి బీచ్ దాకా జిమ్‌లన్నీ కొల్లగొట్టి ఇంటికొచ్చేవాణ్ణి. అట్లా లాక్కున్న జిమ్‌లో మన జంతువునొకదాన్ని కాపలా పెట్టాలి. అది ఎప్పుడు తిరిగొస్తుందని అడిగితే, ఎవరైనా కొట్టి ఓడించినప్పుడే వస్తుందంది నా కూతురు. అప్పటికి మేము నవ్వుకుంటూ మాట్లాడుకునేంత దగ్గరయ్యాము. స్కూటరు వెనక కూర్చుని నా భుజం మీద చెయ్యి వేసేది. ఏళ్ళ తర్వాత ఆ చెయ్యి నా భుజం మీదికొచ్చింది. దానికోసం ఏమైనా చేసేవాణ్ణి, ఎన్ని అబద్ధాలైనా ఆడేవాణ్ణి.

ఒకరోజు మా వాకిట్లోనే నా ఫోన్‌లో కెమెరా తెరుచుకుంది. చూస్తే మా ముగ్గు మీద బొద్దు జంతువొకటి నిలబడి తోక ఊపుతోంది. నేల నిజం, ముగ్గు నిజం, అది మాత్రం లేదు. చిన్నపిల్లాడిలా మురిసిపోయి ఫోన్ రెండు చేతులతో పైకెత్తి, వేలితో బాల్ పైకి తోశాను. నా కూతురు వెంటనే కెమెరా ఆపేసింది.

"వీధిలో కెమెరా పెట్టొద్దు నాయనా. ఫంక్షన్ జరిగే ఇంటి ముందర అసలే వద్దు. మా గ్రూపులో ఈ ఆట నేర్పించే మాస్టరుని అట్లనే కొట్టినారు. ఒక చెవి పోయింది."

యాడ కొట్టినారని అడిగాను. సారంలో, పిళ్ళయార్ గుడి సందులో అంది. ఎవరింట్లోనో సమర్త ఫంక్షనట. అమ్మాయిని ఫోటోలు తీస్తున్నాడనుకున్నారట. ఆ సందులో ఉన్నది అప్పట్లో మా అక్క ఇల్లు, నా బిడ్డకప్పుడు ఐదేళ్ళు, గుర్తుండదు. ఆ ఫంక్షన్ మా అక్క కూతురిది. కొట్టింది నేను.

తొమ్మిదేళ్ళ కిందటి మాట అది. మా వైపు ఆడపిల్ల పెద్దమనిషైతే మేనమామ వెళ్ళి తన చేత్తో కొబ్బరి మట్టలు చెక్కి, పచ్చాకు గుడిసె కట్టాలి. ఆ గుడిసెలో పిల్లను కూర్చోబెడతారు. ఆ రోజు పిల్లకు కావలి మేనమామే. పొద్దున్నే సారె సర్దిన సీర్వరిస పళ్ళాలు మోయించుకుని, మేళంతో వెళ్ళాను. మట్టలు చెక్కుతూ తలెత్తితే సందు మొదట, పిళ్ళయార్ గుడి ముందు, పాతికేళ్ళవాడొకడు కనబడ్డాడు. ఫోన్ రెండు చేతులతో పైకెత్తి సరిగ్గా మా పందిరి వైపే పెట్టాడు. పందిట్లో నా మేనకోడలు పసుపు ముఖంతో కూర్చుని ఉంది. వాడు నవ్వుతున్నాడు. వేలితో తెర మీద పైకి తోస్తున్నాడు.

దగ్గరికి జూమ్ చేస్తున్నాడనుకున్నాను. చేతిలో కత్తి కింద పడేశాను. ఆ తర్వాత మా వాళ్ళు అదే పెద్ద మంచితనంగా చెప్పుకున్నారు, కత్తి పడేసి వెళ్ళాడని. మట్ట మాత్రం పడెయ్యలేదు. మట్ట మొదలు మన ముంజేయంత లావుంటుంది, పచ్చిదైతే నీళ్ళ బరువు. వెళ్ళి ఎదురుగా నిలబడి, కళ్ళలోకి చూసి, ఎడమ చెవి మీద కొట్టాను. వెనక నుంచి కొట్టే అలవాటు నాకు ఏనాడూ లేదు. అదో గర్వం నాకు. వాడు గుడి మెట్టు మీద పడ్డాడు. పడి, ఫోన్ నా ముఖం వైపు చాపి, "ఒక్కసారి చూడన్నా, చూడన్నా" అన్నాడు. తెలుగులోనే అన్నాడు. మనవాడేనని కూడా నాకు తట్టలేదు. ఫోన్ లాగి రాయి మీద వేసి మడమతో తొక్కాను. డొక్కలో తన్నాను. లేవబోతే దవడ మీద గుద్దాను, అప్పుడే నా కుడిచేతి చిటికెన వేలు పటుక్కుమంది. మా బావ తరఫువాళ్ళు వచ్చి తలో రెండు తన్నులు వేసి పుణ్యం కట్టుకున్నారు. వాడి చెవిలోంచి సన్నగా రక్తం కారి చొక్కా కాలరు తడిసింది. చొక్కా పట్టుకుని రోడ్డు దాకా ఈడ్చి వదిలాము.

ఆ పూట పంక్తిలో నాకు రెండోసారి పాయసం పోశారు. మేనమామంటే వీడేనని మా అక్క అందరికీ చూపించింది. వేలికి కట్టు కట్టించుకుని మీసం తిప్పుకుంటూ కూర్చున్నాను. నా భార్య ఒక్కతే పగిలిన ఫోన్ ముక్కలు ఏరి, గుడి అరుగు మీద పెట్టి వచ్చింది. "చూడమన్నాడు గదా, చూసుంటే సరిపోయేది" అంది. నోర్ముయ్యమన్నాను.

ఇదీ సంగతి. మా వాకిట్లో ఆ బొద్దు జంతువును చూసిన రోజే, తొమ్మిదేళ్ళ కింద వాడు నన్ను ఏం చూడమన్నాడో తెలిసింది. మా పందిట్లో, నా మేనకోడలి పక్కన, ఏదో జంతువొకటి నిలబడి తోక ఊపుతుండాలి.

తెలిసి ఏం చేశాను? ఏమీ చెయ్యలేదు. గప్‌చుప్‌గా ఉన్నాను. కానీ పెద్ద జంతువుల్ని ఒక్కరు కొట్టలేరు. పది, పదిహేను మంది ఒకచోట నిలబడి ఒకేసారి కొట్టాలి, దాన్ని రెయిడ్ అంటారు. దానికి ఆదివారం లాస్‌పేట మైదానానికి రమ్మని బిడ్డ రోజూ ప్రాణం తీసింది. కాళ్ళు నొప్పన్నాను, డ్యూటీ అన్నాను. నువ్వు లేకుండా పోనంది. చివరికి వెళ్ళాను.

అక్కడ కొత్తవాళ్ళ మధ్య నిలబడి పాఠం చెబుతున్నాడు మాస్టరు. ముప్పై దాటి ఉంటాయి, కళ్ళద్దాలు, బక్క మనిషి. ఎడమవైపు నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగేవాడు. ఆ చెవి అంచు నలిగి ముడుచుకుపోయి ఉంది. నన్ను చూశాడు. నా కూతురు మా నాయనని చెప్పింది. వణక్కమని దండం పెట్టాడు. వాడి ముఖంలో ఏ మార్పూ లేదు, గుర్తుపట్టలేదనుకున్నాను. బాల్ ఎలా విసురుతున్నావో చూపించన్నా అన్నాడు. విసిరాను. నా చిటికెన వేలు మడవలేను, అది పక్కకు పొడుచుకుని ఉంటుంది.

"ఈ వేలేందన్నా వంకర?" అని అడిగాడు.

పైపు పడిందన్నాను.

"అట్లనా" అన్నాడు. కాసేపు ఆ వేలు చూసి, సరి, బాల్ తిప్పి వేసేదానికి బాగా పనికొస్తుంది అని నేర్పించాడు.

ఏడు నెలలు అలా గడిచాయి. ప్రతి ఆదివారం నాకు పాఠం చెప్పాడు. రెయిడ్లో నా పక్కన నిలబడి, నా జంతువు చచ్చే ముందు చెప్పి ఇంకోదాన్ని దించమనేవాడు. నా కూతురికి వాడంటే ప్రాణం. కొత్తవాళ్ళు వస్తే మొదటి మాట కెమెరా ఆపెయ్యమనే, వాడే చెప్పేవాడు, చెవి చూపించి. ఆ మాట విన్న ప్రతిసారీ నేను పక్కకు వెళ్ళి నీళ్ళు తాగేవాణ్ణి. ఒకసారి ఎవడో కుర్రకుంక వాడి చెవిని చూసి ఇకిలిస్తే నాకు చెయ్యి లేచింది, పళ్ళు రాలగొట్టబోయాను. మాస్టరే నా మణికట్టు పట్టుకున్నాడు. ఛీ, నా బతుకు. వాడి చెవి పోగొట్టినవాణ్ణి, వాడి పరువు కాపాడడానికి కొట్టబోయాను.

ఆఖరికి మురుంగపాక్కంలో తేలింది. ఆ రోజు ఏదో అరుదైన జంతువు అక్కడి గుడి చుట్టుపక్కల వస్తుందని మేము ముగ్గురమూ ముందుగా వెళ్ళాము. పట్టపగలు, ఎండ మాడుస్తోంది. వీధి మొదట్లోనే అరటి చెట్లు కట్టి, మైకులో పాటలు వేశారు. గోడ పక్కన పచ్చి కొబ్బరి మట్టలు కుప్పగా పడేసి ఉన్నాయి. సమర్త ఫంక్షనే. మాస్టరు ఆ మట్టలు చూసి ఆగిపోయాడు. ముఖమంతా చెమట పట్టింది. ఫోన్ జేబులో పెట్టేసుకుని, చుట్టు తిరిగి పోదామన్నాడు.

నా కూతురు వాడి కుడివైపు నిలబడి అడిగింది: "మిమ్మల్ని కొట్టింది ఎవరని తెలీనే తెలీదా సార్?"

"యాడ తెలుస్తుందమ్మా. వెనక నుంచి కొట్టినారు. మొగము చూడలేదు."

నా వైపు చూడకుండా చెప్పాడు. అప్పుడు నాకు అర్థమైంది. వెనక నుంచి నేను కొట్టలేదు. ఎదురుగా నిలబడి, ఊపిరి తగిలేంత దగ్గర నిలబడి కొట్టాను. వీడికి మొదటి రోజే తెలుసు. తన దవడ మీద విరిగిన వేలు చూసి తెలుసు. తెలిసీ ఏడు నెలలు నా పక్కన నిలబడ్డాడు, తెలిసీ నా బిడ్డ ముందు నా కోసం అబద్ధమాడుతున్నాడు. నోరు మూసుకుంటే చాలు, బిడ్డ నాకు దక్కుతుంది. నోరు మూసుకుందామనే అనుకున్నాను, నిజంగా. కానీ వాడి చెమట పట్టిన ముఖం చూస్తే ఇక నా వల్ల కాలేదు.

"ఎదురుగా నిలబడే కొట్టినా" అని బిడ్డతో అన్నాను. "నేనే. మీ అత్తోళ్ళ ఇంటి ముందర."

నా కూతురు నా వైపు చూసింది, ఆ వేలు వైపు చూసింది. నేను కుప్పలోంచి ఒక మట్ట తీసి మాస్టరు చేతిలో పెట్టాను. తీసెయ్యన్నా, బిడ్డ ఉంది అన్నాడు. నేను వినలేదు. కొట్టు, నువ్వు కొడితేగానీ నా మనసు కుదుటపడదు అన్నాను.

అంతే, వాడి ముఖం మారిపోయింది. ఏడు నెలల్లో చూడని ముఖం.

"నీ మనసు కుదుటపడేదానికా నేను కొట్టాల?" అన్నాడు.

కొట్టాడు. మొదటిది భుజం మీద పడింది. రెండోది వీపు మీద పడి ఊపిరి ఆగింది. నా చేతులకు తెలుసు, ఆ మట్ట ఎక్కడ పట్టి మెలిపెడితే వాడి చెయ్యి విరుగుతుందో. పిడికిళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి. లుంగీ పట్టుకుని నిలబడ్డాను. మూడోది చెవి మీద పడింది. తల లోపల ఇనుప పైపు మీద సుత్తి పడ్డట్టు మోగింది, మైకు పాట దూరమైపోయింది. పందిట్లోంచి మనుషులు పరిగెత్తుకొస్తున్నారు.

అప్పుడు నా కూతురు "చాలు సార్" అంది.

మూడు దెబ్బలు పడేదాకా తను నోరు తెరవలేదు. అది నేను లెక్కపెట్టుకున్నాను.

మాస్టరు మట్ట పడేసి, గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఏడుపు ఆగాక నాతో చెప్పాడు: ఇంకమీద కొత్తవాళ్ళకు ఆ మొదటి మాట నేను చెప్పను, నువ్వు చెప్పాల. ఎవరు కొట్టినారని అడిగితే అదీ చెప్పాల. సరేనన్నాను. ఇంటికొచ్చేటప్పుడు నా కూతురు నా భుజం పట్టుకోలేదు. స్కూటరు వెనక కమ్మీ పట్టుకుని కూర్చుంది. ఇంటికెళ్ళాక నా భార్యకు తనే అంతా చెప్పింది, నా ఎదురుగానే.

ఆ తర్వాత ఆదివారాలు తను సైకిల్ మీద వెళ్ళేది. నేను విడిగా వెళ్ళేవాణ్ణి. నాయనా అని పిలవడం మానేసింది, పని ఉంటే వాళ్ళమ్మతో చెప్పించేది. మొదటి వారం ఎవరు కొట్టారని ఒకమ్మాయి అడిగితే, ఎవడో వెధవ అన్నాను. మాస్టరు నన్నే చూస్తూ నిలబడ్డాడు. రెండో వారం ఎవరూ అడక్కపోతే బతుకుజీవుడా అనుకున్నాను.

పోయిన వారం కాలేజీ పిల్లలు ఆరుగురు వచ్చారు. కెమెరా ఆపెయ్యండి అని చెప్పి, మాస్టరు చెవి సంగతి చెప్పాను. కొట్టిందెవరన్నా అని ఒకడు అడిగాడు. ఈసారి వేలు పైకెత్తి చూపించి, నేనే, ఏమీ చూడకుండా, అడగకుండా కొట్టానని చెప్పాను. వెనక నుంచి నా కూతురి గొంతు వినబడింది. ఎప్పుడొచ్చి నిలబడిందో తెలీదు.

"మట్టతో కొట్టినావని కూడా చెప్పు నాయనా. పడిపోయినంక తన్నినావు, అదీ చెప్పు."

చెప్పాను.